ఏరు దాటిన కుటుంబమునకు తగిన సంఘము

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 18:1–3, 18–28, రోమా 16:1–5
ధ్యానించవలసిన వచనము: రోమా 15:7



గౌతమికి ఆవలి గట్టున, కాకినాడ, పిఠాపురము, రామచంద్రపురము ప్రాంతములలో బాప్తిస్టు సంఘములలో పుట్టి పెరిగినవారు అనేకులు కోనసీమకు వచ్చి కాపురముండుట మనము చూచుచున్నాము. ఒకరు బడిపంతులుగా బదిలీయై అమలాపురము వత్తురు. ఒకరు రొయ్యల చెరువుల మీద పనికి రాజోలు వైపు వత్తురు. ఒక ఇంటి ఆడపిల్ల కొత్తపేట వైపు కోడలై వచ్చును. క్రొత్త ఊరిలో ఇల్లు దొరకును, పిల్లలకు బడి దొరకును, రేషను కార్డు కూడ మారును. ఆదివారము తెల్లవారినప్పుడు మాత్రము "మన మెక్కడికి పోవుదుము?" అను ప్రశ్న ఆ ఇంట మిగిలిపోవును.

మందిరములు లేక కాదు. ఒక వీధిలో బ్రదరన్ సహోదరుల కూడిక ఉండును. ఇంకొక చోట లూథరన్ గుడి గాని, దక్షిణ ఇండియా సంఘపు దేవాలయము గాని ఉండును. కాలువ గట్టున పెంతెకొస్తు వారి మందిరము ఉండును. ఎక్కడ చూచినను పాటయు ప్రార్థనయు వినబడును. అయితే ఆ కుటుంబము తాను ఎరిగిన పేరు గల బోర్డు కొరకు వెదకి, అది కానక, "మనకు తగినది ఇక్కడ లేదు" అని ఇంటికి మరలును. మొదటి నెలలలో యెదుర్లంక వంతెన మీదుగా గాని, కోటిపల్లి రేవు దాటి గాని పాత సంఘమునకు పోయి వత్తురు. తరువాత క్రిస్మసుకును ఈస్టరుకును మాత్రమే పోవుదురు. అటుతరువాత ఫోనులో వచ్చు ప్రసంగమే చాలుననుకొందురు.

ఇట్లు రెండు మూడేండ్లు గడచిన పిమ్మట ఆ ఇంటి స్థితి ఎట్లుండును? పిల్లలకు ఆదివారపు బడి లేదు. పెద్ద కుమారుడు బాప్తిస్మమును గూర్చి అడుగు వయస్సునకు వచ్చును గాని, అతని నెరిగిన కాపరి లేడు. కుమార్తెకు వివాహము కుదురును. ప్రకటనలు ఏ సంఘములో చదువవలెనో తెలియదు. ఇంటి పెద్ద ప్రభువునందు నిద్రించును. ఏ సమాధుల తోటలో చోటడుగవలెనో, ఎవరు వచ్చి వాక్యము చదువుదురో తెలియదు. ఆ దినమున బోర్డు మీది పేరును ఎవరును అడుగరు. మనలను ఎరిగిన సంఘము ఏదని అడుగుదురు.

కాబట్టి ఈ నెల పాఠములో, క్రొత్త స్థలమునకు వచ్చిన బాప్తిస్టు కుటుంబము తనకు తగిన సంఘమును ఎట్లు కనుగొనవలెనో లేఖనముల వెలుగులో ఆలోచింతము. "తగిన" అను మాట రెండు వైపుల పోవునని మొదటనే జ్ఞాపకముంచుకొందము. ఆ సంఘము మనకు తగినదా అని అడుగుట న్యాయమే. మనము ఆ సంఘమునకు తగినవారముగా నడుచుకొందుమా అని కూడ అడుగవలెను. పిలుపునకు తగినట్లు నడుచుకొనవలెనని ఎఫెసీయులకు వ్రాసిన పౌలు (ఎఫెసీ 4:1–3) ఆ వెంటనే దీర్ఘశాంతమును గూర్చియు, ఒకని నొకడు సహించుటను గూర్చియు వ్రాసెను.

1. మన హద్దులు ఎట్లు ఏర్పడెను?

ఈ గట్టున ఒక సంఘము, ఆ గట్టున వేరొక సంఘము ఏల ఉన్నవో తెలిసినచో మన కలవరము సగము తీరును.

1836లో ఆంథొని నారిస్ గ్రోవ్స్ గారితో కూడ విలియం బౌడెన్, జార్జి బీర్ అనువారు భార్యలతో ఇంగ్లండు నుండి మన దేశమునకు వచ్చిరి. వారు నరసాపురము, పాలకొల్లులను కేంద్రములుగా చేసికొని పనిచేసిరి. గోదావరి డెల్టా మిషను అని పేరుపొందిన ఆ పని వశిష్ట దాటి కోనసీమ గ్రామములకు వ్యాపించినది. బ్రదరన్ కూడికలు మన సీమలో ఇన్ని ఉండుటకు కారణ మిదియే. బందరులో 1841లో రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు గార్ల వలన ఆంగ్లికను వారి పని ప్రారంభమాయెను. 1842లో హేయర్ గారు గుంటూరు వచ్చుటతో అమెరికా లూథరను వారి పని ప్రారంభమాయెను. పిమ్మట రాజమహేంద్రవరము కూడ వారి కేంద్రమాయెను. కాకినాడలో తంతి శాఖ ఉద్యోగియైన తామస్ గాబ్రియేలు గారు ప్రారంభించిన బాప్తిస్టు పనికి తోడుగా 1874లో కెనడా బాప్తిస్టుల పక్షమున జాన్ మెక్లారిన్ గారు వచ్చిరి. అక్కడినుండి ఆ పని తుని, సామర్లకోట, రామచంద్రపురము మొదలగు చోట్లకు ప్రాకెను. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో అమెరికా బాప్తిస్టుల పని వేరుగా జరిగెను. 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందినది అక్కడనే.

ఒకరు పనిచేయు చోటికి మరియొకరు పోయి పోటీపడకూడదని మిషనులు తమలో తాము హద్దులు ఏర్పరచుకొనిరి. ఆ కాలమునకు అది మంచి ఏర్పాటే. అయితే దాని ఫలితమును గమనించుడి. మన తాతలు నాలుగు మిషనుల బోధలను తూచి చూచి ఒకదానిని ఎన్నుకొనలేదు. ఏ బోధకుని పడవ ముందుగా మన పేట రేవున ఆగెనో ఆ మిషను మనదాయెను. గౌతమికి ఆవల పుట్టినవాడు బాప్తిస్టు, వశిష్ట ప్రక్కన పుట్టినవాడు బ్రదరన్, రాజమహేంద్రవరము ప్రక్కన పుట్టినవాడు లూథరన్. ఏరు గీచిన గీతను మనము కొన్నిసార్లు దేవుడు గీచిన గీత యనుకొనుచున్నాము.

బాప్తిస్మమును గూర్చిన మన నమ్మిక కేవలము హద్దుల వలన వచ్చినదని మేము చెప్పుట లేదు. విశ్వసించినవారికే బాప్తిస్మమని 1609లో ఆమ్‌స్టర్‌డాములో జాన్ స్మిత్ మొదలగువారు తీర్మానించుకొనినప్పుడు, ఆ నమ్మిక నిమిత్తము వారు శ్రమలను ఎదుర్కొనవలసినవారైరి. లేఖనమును బట్టి వచ్చిన నమ్మిక వేరు, మిషను అలవాటును బట్టి వచ్చిన ఇష్టము వేరు. క్రొత్త సంఘమును వెదకువాడు ఈ రెంటిని మొదట విడదీయవలెను.

2. అకుల ప్రిస్కిల్లల మాదిరి

క్రొత్త నిబంధనలో మాటిమాటికి ఊరు మారిన కుటుంబ మొకటి కలదు. అకుల పొంతు దేశస్థుడు. అతడును భార్యయైన ప్రిస్కిల్లయు రోమాలో కాపురముండగా, యూదులందరు పట్టణము విడిచి పోవలెనని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞ ఇచ్చెను. వారు కొరింథునకు వచ్చి డేరాలు కుట్టు పని చేసికొనుచుండిరి. అక్కడినుండి ఎఫెసునకు పోయిరి. రోమా పత్రిక వ్రాయబడునాటికి మరల రోమాలో ఉండిరి. రెండవ తిమోతి పత్రికలో (4:19) పౌలు వారికి వందనములు పంపుచున్నాడు. అప్పటికి వారు తిమోతి ఉన్నచోటనే ఉండిరి. ఉద్యోగ బదిలీల వలనను పని కరువు వలనను తిరుగుచుండు మన కుటుంబములకు వీరు దగ్గర చుట్టములు.

వీరినుండి మూడు సంగతులు నేర్చుకొందము.

మొదటిది, ఏ ఊరిలోనైనను వారు సంఘము లేకుండ కనబడరు. కొరింథులో పౌలును ఇంట చేర్చుకొనిరి. ఎఫెసులో వారి ఇంట సంఘము కూడెను (1 కొరింథీ 16:19). రోమాలోను వారి ఇంట సంఘము కూడెను. ఊరు మారినప్పుడు వారు డేరా కుట్టు సూదిని ఎట్లు వెంట తీసికొనిపోయిరో, సహవాసమును కూడ అట్లే వెంట తీసికొనిపోయిరి.

రెండవది, ఎఫెసులో అపొల్లో విషయమై వారు చూపిన నడవడి. అతడు లేఖనములయందు ప్రవీణుడు, యేసును గూర్చి ఆసక్తితో బోధించుచున్నాడు. అయినను యోహాను బాప్తిస్మము మాత్రమే ఎరిగినవాడు. అనగా ఆ బోధకుని లోపము బాప్తిస్మమును గూర్చినదే! అకుల ప్రిస్కిల్లలు ఏమి చేసిరి? సమాజమందిరములో లేచి అతని నడ్డగించలేదు. ఇతనికి బాప్తిస్మము సంగతి తెలియదు గనుక ఇతని ప్రసంగము వినమని ఇంటికి పోలేదు. మొదట శ్రద్ధగా వినిరి. తరువాత తమ యొద్దకు చేర్చుకొని దేవుని మార్గమును మరి పూర్తిగా వివరించిరి. వారు సత్యమును దాచలేదు, సహోదరుని సిగ్గుపరచలేదు. బాప్తిస్మ విషయములో వేరు నమ్మిక గల సంఘమున కూర్చుండవలసి వచ్చిన బాప్తిస్టు కుటుంబమునకు ఇంతకంటె మంచి మాదిరి లేదు.

మూడవది, సిఫారసు పత్రిక. అపొల్లో అకయకు పోదలచినప్పుడు, అతని చేర్చుకొనవలెనని ఎఫెసులోని సహోదరులు అక్కడి శిష్యులకు వ్రాసిరి. కెంక్రేయ సంఘ పరిచారకురాలగు ఫీబే కొరకు పౌలు రోమా సంఘమునకు వ్రాసెను. ఆది సంఘములో విశ్వాసి ఒక ఊరినుండి మరియొక ఊరికి ఊరుపేరు లేనివానివలె పోలేదు. పంపువారు ఉండిరి, చేర్చుకొనువారు ఉండిరి.

ఇంకొక మాట. ప్రేమతో చేర్చుకొనబడిన ఆ అపొల్లో పేరిటనే కొరింథులో ఒక పక్షము లేచినది (1 కొరింథీ 1:12). అపొల్లో పక్షము కోరినవాడు కాడు. మంచి బోధకుల పేళ్లనే మనము గోడలుగా కట్టుకొందుము. మిషను పేరు విషయములోను అంతే.

3. విడువరానివి

క్రొత్త సంఘములో ఏవి తప్పక ఉండవలెను? యేసుక్రీస్తు సిలువ మరణమును పునరుత్థానమును రక్షణకు ఆధారముగా ప్రకటింపబడవలెను. బైబిలు గ్రంథము తెరచి, చదివి, దానినుండియే బోధింపవలెను. పాపములను విడిచి ప్రభువును వెంబడించుమని పిలువవలెను. బోధించువాని జీవితము ఊరివారి యెదుట దాచవలసినదై యుండకూడదు. డబ్బు లెక్కలు సంఘము ముందు ఉంచబడవలెను. స్వస్థతకు వెల కట్టుచోట, సేవకుని పేరు ప్రభువు పేరుకంటె పెద్ద అక్షరములతో కనబడుచోట, మనము ఎంత మంచి పాట విన్నను అక్కడ నిలువరాదు.

బాప్తిస్టు మనస్సాక్షికి సంబంధించిన సంగతులు రెండు కలవు. విశ్వసించి నీటిలో ముంచబడినవాడు, సభ్యత్వము కొరకు మరల బాప్తిస్మము పొందుమని అడుగబడినచో, తాను పొందినది క్రీస్తు నామమున పొందినదేనని సవినయముగా చెప్పి నిలువవలెను. బాప్తిస్మము క్రీస్తునకు సంబంధించినది గాని సంఘము మారినప్పుడెల్ల మార్చు చీటీ కాదు. రెండవది, శిశు బాప్తిస్మము ఇచ్చు సంఘములో చేరిన యెడల, మన పిల్లలు తామే విశ్వసించి అడుగు దినము వరకు కనిపెట్టెదమని కాపరితో మొదటనే చెప్పవలెను. ముందు చెప్పినచో అది సంభాషణ. బిడ్డ పుట్టిన తరువాత చెప్పినచో అది తగవు. శిశువును మందిరమునకు తెచ్చి ప్రార్థనతో ప్రతిష్ఠించుటకు అనేక కాపరులు సంతోషముగా ఒప్పుకొందురు.

ఈ విషయములో బాప్తిస్టులలోనే రెండు తలంపులు కలవని తెలిసికొనుట మేలు. యాత్రికుని ప్రయాణము వ్రాసిన జాన్ బన్యన్ ఇంగ్లండులో బెడ్‌ఫర్డు సంఘ కాపరి. నీటి బాప్తిస్మమును గూర్చిన అభిప్రాయ భేదము సహవాసమునకు అడ్డు కాదని ఆయన 1673లో ఒక పుస్తకము వ్రాసెను. లండనులోని బాప్తిస్టు కాపరి విలియం కిఫిన్ గారు అందుకు సమ్మతింపక జవాబు వ్రాసిరి. ఇద్దరును విశ్వాసము నిమిత్తము కష్టపడినవారే. కావున ఒక కుటుంబము లూథరన్ గుడిలో కూర్చుండి వాక్యము వినుచున్నదని దానిని తప్పిపోయిన కుటుంబముగా ఎంచరాదు. మరియొక కుటుంబము అక్కడ బల్లలో పాలుపొందుటకు మనస్సాక్షి ఒప్పుకొనలేదని చెప్పినచో దానిని గర్వముగల కుటుంబముగా ఎంచరాదు. ప్రతివాడును తన మనస్సులో నిశ్చయత కలిగియుండవలెను (రోమా 14:5).

4. ఓర్చుకొనదగినవి

మనలను వెనుకకు త్రిప్పునవి పెక్కుసార్లు పై సంగతులు కావు, చిన్న సంగతులే.

బ్రదరన్ కూడికకు పోయిన బాప్తిస్టు కుటుంబము అక్కడ ఒక్క కాపరి ప్రసంగపీఠము నెక్కకుండుట చూచి వింతపడును. సహోదరులు ఒకరి తరువాత ఒకరు లేచి ప్రార్థింతురు, పాట చెప్పుదురు, వాక్యము పంచుకొందురు. నెలకొకసారి గాక ప్రతి ఆదివారము రొట్టె విరుతురు. పరిచయ పత్రిక లేనివారిని కొన్ని కూడికలలో మొదట వెనుక కూర్చుండుమందురు. ఇది మనలను తక్కువ చేయుట అనుకొనవద్దు. బల్లను గౌరవించుటయే వారి ఉద్దేశము. అయితే విశ్వసించినవారికే, నీటిలో ముంచియే బాప్తిస్మ మిచ్చుటలో వారును మనమును ఒకటే. ఈ సంగతి తెలియక, బోర్డు మీద బాప్తిస్టు అను మాట లేనందున గుమ్మము దాటి పోవువారు కలరు. కోనసీమలో బాప్తిస్టు కుటుంబమునకు బోధలో మిక్కిలి దగ్గరి బంధువు ఈ కూడికయే కావచ్చును.

లూథరన్ గుడిలోను దక్షిణ ఇండియా సంఘములోను ఆరాధన క్రమము పుస్తకమునుండి చదువబడును. మన వారికి ఇది చల్లగా తోచవచ్చును. రెండు నెలలు ఓపికతో వినుడి. ప్రతి ఆదివారము పాపపు ఒప్పుకోలు, పాత నిబంధన పాఠము, పత్రిక, సువార్త వరుసగా చదువబడుట మన పిల్లలకు గొప్ప మేలు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘ మేర్పడినప్పుడు ఆంగ్లికనులు, మెథడిస్టులు, కాంగ్రిగేషనల్ మరియు ప్రెస్బిటీరియన్ సంప్రదాయములవారు ఒక్కటైరి. బాప్తిస్టులును లూథరనులును అందులో చేరలేదు. ఒక గొడుగు క్రిందికి రాకపోయినను, ఒకరి పాట ఒకరు పాడుట ఎవరును మానలేదు. 1833లో కటకములో బాప్తిస్టు మిషనరీల వలన బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలను తెలుగు సంఘములన్నియు పాడుచున్నవి. ఆ కీర్తనలను సిఫారసు పత్రిక ఎవరు అడిగిరి?

భక్తసింగ్ గారి సేవవలన 1941 తరువాత లేచిన కూడికలు తెలుగు దేశమంతట కలవు. వాటిలోను విశ్వాసుల బాప్తిస్మమే ఆచరింతురు. ఆరాధన దీర్ఘముగా జరుగును. నేల మీద చాప పరచి కూర్చుందురు. కలిసి భోజనము చేయుట కూడ కలదు. పెంతెకొస్తు సంఘములవారును ముంచుట చేతనే బాప్తిస్మ మిత్తురు గాని, ఆత్మవరములను గూర్చిన బోధలో భేద ముండును; ఆ భేదమును పెద్దలతో కూర్చుండి తెలిసికొనిన పిమ్మటనే సభ్యత్వము మాట ఎత్తవలెను.

డోలు ఎక్కువగా కొట్టుట, ప్రార్థన బిగ్గరగా చేయుట, కానుక ఎత్తు పద్ధతి, ప్రసంగము నిడివి మొదలగునవి ఓర్చుకొనదగినవి. మనము అత్తవారింటికి పోయినప్పుడు కూరలో ఉప్పు పులుపు మన ఇంటివలె లేదని భోజనము మానము గదా!

5. విడిచిపెట్టవలసినవి

మనము ఏరు దాటునప్పుడు వెంట తీసికొనిపోరానివి కూడ కలవు.

ఒకటి మిషను అతిశయము. మా మిషనుకు కళాశాల కలదు, మాది పెద్ద ఆసుపత్రి, మా తాతగారికి దొరగారే బాప్తిస్మమిచ్చిరి అని క్రొత్త సంఘములో చెప్పుకొనువానిని ఎవరు చేర్చుకొందురు? పౌలు తాను క్రిస్పునకును గాయియునకును బాప్తిస్మమిచ్చిన సంగతిని గొప్పగా చెప్పుకొనలేదు. ఎక్కువమందికి ఇయ్యకపోయినందుకు దేవుని స్తుతించెను (1 కొరింథీ 1:14–17).

రెండవది కులము. ఈ మాట చెప్పుటకు మాకు బాధగా నున్నది గాని చెప్పక తప్పదు. క్రొత్తగా వచ్చిన కుటుంబమును "మీరు ఏ సంఘము?" అని అడిగి, అటుతరువాత "మీరు ఏ పేట వారు?" అని అడుగుట మనలో కలదు. మాలపేట మందిరమని, మాదిగపేట మందిరమని పిలుపు నేటికిని పోలేదు. పైకి సిద్ధాంతము మాటలాడుచు, లోపల మనవారు ఎక్కడ ఉన్నారని వెదకి, అదియే "తగిన సంఘము" అని పేరుపెట్టు కుటుంబములు లేకపోలేదు. వియ్యపు సంబంధముల కొరకు సంఘమును ఎన్నుకొనువాడు క్రీస్తు శరీరమును ఎన్నుకొనలేదు, చుట్టరికమును ఎన్నుకొనెను. యాకోబు పత్రిక రెండవ అధ్యాయమును, గలతీ 3:28ని ఇంట చదివి, మన అడుగులు ఆ గుమ్మము వైపు పోకుండుటకు అసలు కారణమేమో దేవుని యెదుట ఒప్పుకొందము.

మూడవది పెత్తనము. పాత సంఘములో డీకనుగా నుండినవాడు క్రొత్త సంఘములో మూడవ వారముననే లెక్కలు అడుగుట మంచిది కాదు. మొదట చీపురు పట్టి మందిరము ఊడ్చుడి. సంఘమే మీ వరమును కనుగొనును.

6. చేయవలసిన పనులు

ఊరు విడువక ముందే పాత సంఘ కాపరి యొద్ద సభ్యత్వపు ఉత్తరము తీసికొనుడి. అందులో కుటుంబములో ఎవరెవరు బాప్తిస్మము పొందినవారో, ఏ సంవత్సరమున పొందిరో, పిల్లల పేళ్లేమో వ్రాయించుడి. రేషను కార్డు మార్పించుకొనుటకు మండల కార్యాలయమునకు ఎన్నిసార్లు తిరుగుదుము! ఈ ఉత్తరమునకు ఒక్కసారి అడిగిన చాలును.

క్రొత్త ఊరు చేరిన మొదటి ఆదివారముననే దగ్గరి మందిరములో కూర్చుండుడి. ఎక్కడ చేరవలెనో నిర్ణయించుటకు మాత్రము మూడు నెలలు తీసికొనుడి. రెండు మూడు సంఘములను చూడవచ్చును గాని, ఒక్కొక్కదానికి వరుసగా నాలుగు ఆదివారములైన ఇయ్యుడి. ఒక్కదినమున చూచి తీర్పు తీర్చుట అంగడిలో కొబ్బరికాయను ఊపి చూచుటవంటిది. మూడు నెలలు ముగిసిన పిమ్మట భార్యాభర్తలు పిల్లలతో కలిసి ప్రార్థించి ఒకదానిని నిర్ణయించుడి. భర్త ఒక మందిరమునకు, భార్య వేరొకదానికి పోవుట అలవాటు కానీయవద్దు.

సంఘ పెద్దల యింటికి పోయి ఈ సంగతులు అడుగుడి: మా బాప్తిస్మమును ఒప్పుకొందురా? బల్లలో మాకు పాలు కలదా? పిల్లల విషయమై మా మనస్సాక్షిని గౌరవింతురా? వివాహము జరిపించుటకు 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము లైసెన్సు గలవారు ఎవరు? మరణము సంభవించినప్పుడు సమాధుల తోటలో మాకు చోటు కలదా? ఈ ప్రశ్నలు అడుగుటకు సిగ్గుపడవద్దు. కష్ట దినమున అడుగుటకంటె మంచి దినమున అడుగుట మేలు.

సమీపమున నిలువదగిన సంఘ మేదియు లేనిచో, అకుల ప్రిస్కిల్లల వలె ఇంటనే ప్రార్థన ప్రారంభింపుడి. అయితే పాత సంఘ పెద్దలకు తెలియజేసి, వారి విచారణ క్రింద జరిగింపుడి. ఊరిలోని మరియొక సంఘమునుండి మనుష్యులను లాగుటకు గాని, మన పేర ఒక బోర్డు కట్టుటకు గాని కాదు. ఇట్టి సీమలో మరియొక చీలిక ఎవరికిని అవసరము లేదు.

కోనసీమనుండి గల్ఫు దేశములకు పోవు మన సహోదరీమణులకును ఈ మాటలే వర్తించును. కువైటులోని నేషనల్ ఇవాంజెలికల్ సంఘ ఆవరణలో అనేక భాషల సంఘములు తమ తమ వేళలలో కూడుకొనును. అందులో తెలుగువారును కలరు. అక్కడ బాప్తిస్టు, లూథరన్, బ్రదరన్ కుటుంబముల పిల్లలు ఒకే పాట పాడుదురు. అంత దూరమున చేయగలిగినది గౌతమి దాటినంతనే చేయలేమా?

7. చేర్చుకొను సంఘములకు ఒక మాట

ఈ పాఠము వచ్చువారికే కాదు, ఉన్నవారికిని చెందినది. సౌలు యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులు అతని నమ్మక భయపడిరి, బర్నబా చేయి పట్టుకొని తీసికొనివచ్చెను (అపొ. కార్య. 9:26–27). ప్రతి సంఘమునకును ఒక బర్నబా కావలెను. దియొత్రెఫే అనువాడు సహోదరులను చేర్చుకొనక, చేర్చుకొన మనస్సుగలవారిని కూడ ఆటంకపరచెనని యోహాను వ్రాసెను (3 యోహాను 9–10). అతని పేరు నేటివరకు ఆ ఒక్క సంగతికే జ్ఞాపకముండుట భయంకరము.

క్రొత్త కుటుంబము వెనుక చాపమీద కూర్చున్నప్పుడు, ఆరాధన ముగిసిన వెంటనే వారితో మాటలాడుడి. "ఏ పేట వారు?" అని అడుగక "ఎక్కడ దిగితిరి, నీళ్లు దొరకుచున్నవా, పిల్లలు ఏ తరగతి?" అని అడుగుడి. ఆ వారములోనే వారి ఇంటికి పోయి ప్రార్థించుడి. వారి మిషనును ఎగతాళి చేయవద్దు. వారు తెచ్చిన ఉత్తరమును సంఘము ఎదుట చదివి, లేచి నిలువబడి చేర్చుకొనుడి. క్రీస్తు మనలను చేర్చుకొనినప్పుడు మన బోర్డును చూచి చేర్చుకొనలేదు.

గృహ కూడికలలో చర్చించుటకు ప్రశ్నలు

(1) అకుల ప్రిస్కిల్లలు ఎన్ని పట్టణములలో కాపురముండిరి? ఏ యే పట్టణములలో వారి ఇంట సంఘము కూడెను?

(2) అపొల్లోకు వారు బోధించిన పద్ధతినుండి, బాప్తిస్మ విషయములో వేరు నమ్మిక గలవారితో ఎట్లు మాటలాడవలెనో చెప్పుడి.

(3) మన ఆరాధనలో లేఖనమును బట్టి వచ్చినవి ఏవి, మిషను అలవాటును బట్టి వచ్చినవి ఏవి? రెండు వరుసలుగా వ్రాయుడి.

(4) మన ఊరికి గడచిన రెండేండ్లలో వచ్చి, ఏ సంఘమునకును పోక ఇంట నున్న క్రైస్తవ కుటుంబము ఏదైన కలదా? ఈ వారము వారి ఇంటికి ఎవరు పోవుదురు?

నాలుగవ ప్రశ్నకు జవాబు నోటితో చెప్పిన చాలదు. ఆదివారము లోపల ఆ ఇంటి తలుపు తట్టి వచ్చిన పిమ్మటనే ఈ పాఠము ముగిసినట్లు ఎంచుకొందము. ఏరు దాటి వచ్చిన ప్రతి కుటుంబమునకు ప్రభువు చోటు చూపును గాక. చోటు చూపు చేతులుగా మనలను వాడుకొనును గాక. ఆమేన్.